రెండు నెట్ లైన్లున్న ఆఫీసులో ఎవరి ట్రాఫిక్ ఏ లైన్లో పోవాలో ఫైర్‌వాల్‌కి చెప్పడం ఎలగ: పాలసీ రూటింగ్ మొదట్నుంచి చివరిదాకా

పలాస కాశీబుగ్గ వైపు ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసుకి నెట్ పని నేనే చూస్తాను. మొదట్లో ఒకటే ఫైబర్ లైన్ ఉండేది, అది కరెంటు స్తంభాల మీద వేలాడుకుంటా వస్తాది, గాలి గట్టిగా కొడితే పోతాది, రోడ్డు పనోళ్లు గొయ్యి తవ్వితే పోతాది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజు చూసినోళ్లకి స్తంభాల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. అందుకని షావుకారు గారు సిమ్ వేసే 5జీ రౌటర్ ఒకటి రెండో లైనుగా తెప్పించారు, నేను కూడా పెద్ద ఆలోచించకుండా రెండూ ఫైర్‌వాల్‌కి (ఆఫీసుకీ బయట నెట్‌కీ మధ్య కాపలా ఉండే పెట్టె) తగిలించీసి లోడ్ బ్యాలెన్స్ (ట్రాఫిక్‌ని రెండు లైన్లకీ పంచడం) పెట్టీసి శ్రీకాకుళం బస్సెక్కీసాను.

మర్నాడు పొద్దున్నే ఫోను. గేటు దగ్గర లారీ లోడై నిలబడింది, సరుకు 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు లేకుండా బండి కదలకూడదు కదా, గుమస్తా లాగిన్ అవుతున్నాడు, రెండు పేజీలు తిరిగేసరికి మళ్లీ లాగిన్ అడుగుతోంది. బ్యాంకు సైటులోనూ అదే కథ, ఓటీపీ కొట్టగానే సెషన్ ఎక్స్‌పైర్డ్ అంటోంది. "ఏటి బాబూ, ఒక నెట్టున్నప్పుడే బాగుండేది, రెండు పెట్టేక ఒక్కటీ పనిచెయ్యట్లేదేటి" అన్నారు షావుకారు గారు. నాకు నోట మాట లేదు.

జరిగింది ఏటంటే, ఆ కంప్యూటర్ నుంచి ఒక కనెక్షన్ ఫైబర్ మీద పోయింది, తరవాతది 5జీ మీద పోయింది, అవతలి సైటుకి ఒకే మనిషి రెండు వేరే ఐపీ అడ్రస్‌ల నుంచి వచ్చినట్టు కనబడింది, అది భయపడి బయటికి తోసీసింది. తప్పు సైటుది కాదు, నాదే. ఇక్కడ కావాల్సింది లోడ్ బ్యాలెన్స్ కాదు, పాలసీ రూటింగ్. ఆ ఆఫీసులో పీఎఫ్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ ఉంది కాబట్టి దాని మీదే చెప్తాను, వేరే పెట్టెలున్నోళ్లకి చివర్లో కొంచెం చెప్తాను.

అసలు ఇదేటి

మామూలు రూటింగ్ స్టేషన్లో టికెట్ కౌంటర్ లాంటిది. ఎక్కడికి అని ఒక్కటే అడుగుతాది, నువ్వెవరు, ఎందుకెళ్తున్నావు అని అడగదు. ప్యాకెట్ (డేటా ముక్క) గమ్యం చూస్తాది, రూటింగ్ టేబుల్లో చూసుకుంటాది, పంపీస్తాది. ఇంటర్నెట్‌కి పోయేవన్నీ డిఫాల్ట్ గేట్‌వే (బయటికి పోయే మామూలు దారి) మీదకే పోతాయి. పాలసీ రూటింగ్‌లో మాత్రం ఎవరు పంపారు, ఏ పోర్టుకి (ఏ సర్వీసుకి అని చెప్పే నెంబరు), లోపల ఏ నెట్‌వర్క్ నుంచి వచ్చింది అని చూసి దాన్ని బట్టి దారి మార్చొచ్చు. పీఎఫ్‌సెన్స్‌లో దీనికి ప్రత్యేకం పేజీ అంటూ ఏమీ లేదు, మామూలు ఫైర్‌వాల్ రూల్లోనే అడ్వాన్స్‌డ్ కింద గేట్‌వే అని ఒక గడి ఉంటాది, అది మారిస్తే అదే పాలసీ రూటింగ్. చాలామంది ఆ గడి కనబడక రూటింగ్ మెనూలోనే గంటలు గంటలు వెతుకుతారు.

ముందు కాగితం, తరవాత కంప్యూటర్

స్క్రీన్ ముట్టుకోకముందే ఒక కాగితం తీసుకుని ప్రతి గుంపుకీ రెండు ప్రశ్నలకి జవాబు రాయండి. ఒకటి, వీళ్లు ఏ లైన్లో పోవాలి. రెండు, ఆ లైను పడిపోతే ఏటవ్వాలి, రెండో లైనుకి మారాలా లేక ఆగిపోవాలా. ఈ రెండో ప్రశ్న దగ్గరే అందరూ జారిపోతారు, నేనూ జారాను.

మా దగ్గర ఇలగ రాసుకున్నాం. బిల్లింగ్ కంప్యూటర్లు అయిదు: ఫైబర్ మీద, అది పోతే 5జీ మీద. మిగతా ఆఫీసు, సెల్‌ఫోన్లు: 5జీ మీద, అది పోతే ఫైబర్ మీద. గోడౌన్ కెమెరాలు: 5జీ మీద మాత్రమే, అది పోతే క్లౌడ్‌కి ఎక్కకపోయినా పర్లేదు, రికార్డింగ్ ఎలాగూ డీవీఆర్‌లో పడతాది, ఫైబర్‌ని మాత్రం ముట్టుకోకూడదు. ఎందుకంటే ఆ కెమెరాలు అప్‌లోడ్ మొదలుపెడితే బిల్లు పేజీ తెరుచుకోడానికి టీ తాగి రావచ్చు. మీ సిమ్‌కి డేటా లిమిట్ ఉంటే దీన్ని తిరగెయ్యండి, కెమెరాలు 5జీ మీద పెడితే నెల సగంలోనే డేటా అయిపోతాది.

రెండు రౌటర్లకీ ఒకే అడ్రస్ ఉందేమో చూడండి

ఇది చిన్న విషయమే గానీ ఒక పూట తినీస్తాది. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చే పెట్టెలు చాలామటుకు 192.168.1.1 మీదే వస్తాయి. రెండు కంపెనీలవీ అలగే వస్తే ఫైర్‌వాల్‌కి రెండు వ్యాన్ (బయటి లైను తగిలించే) పోర్టుల్లోనూ ఒకే సబ్‌నెట్ (అడ్రస్‌ల గుంపు) కనబడతాది, అప్పుడు ఎటు పంపాలో దానికి తెల్దు, ఒకటి పనిచేసి ఒకటి చెయ్యదు, మనం వెళ్లి కంపెనీ వాడి మీద అరుస్తాం. 5జీ రౌటర్లోకి వెళ్లి దాని అడ్రస్ 192.168.2.1 చేసీయండి. లోపల ల్యాన్ కూడా ఈ రెండింటితో కలవకూడదు, మేము 192.168.10.0/24 పెట్టుకున్నాం, కెమెరాలకి వేరే వీల్యాన్ (అదే స్విచ్ మీద విడగొట్టిన నెట్‌వర్క్) 20 మీద 192.168.20.0/24.

ఇంకోటి, సిమ్ లైన్లో మీకు వచ్చేది చాలాసార్లు సొంత పబ్లిక్ ఐపీ కాదు, కంపెనీయే వందలమందిని ఒక ఐపీ వెనకాల పెడతాది. రౌటర్ స్టేటస్‌లో 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలయ్యే అడ్రస్ కనబడితే అదే అని అర్థం. బయట నుంచి లోపలికి వచ్చే పోర్ట్ ఫార్వర్డ్ లాంటివి దాని మీద నడవవు, అవి ఫైబర్‌కే పెట్టుకోండి.

ఇంటర్‌ఫేస్, గేట్‌వే

ఇంటర్‌ఫేసెస్‌లో రెండో పోర్టుకి వ్యాన్‌2 అని పేరు పెట్టి ఎనేబుల్ చెయ్యండి. డీహెచ్‌సీపీ (అడ్రస్ దానంతటదే వచ్చే పద్ధతి) పెడితే గేట్‌వే దానంతటదే వచ్చీస్తాది. స్టాటిక్ ఐపీ ఇస్తే మాత్రం అదే పేజీలో కింద అప్‌స్ట్రీమ్ గేట్‌వే ఎంచుకోవాలి, అది వదిలేస్తే పీఎఫ్‌సెన్స్ ఆ పోర్టుని కూడా ల్యాన్ అనుకుంటాది, దాని మీద నాట్ (లోపలి అడ్రస్‌ని బయటి అడ్రస్‌గా మార్చడం) చెయ్యదు, ప్యాకెట్లు బయటికి వెళ్తాయి గానీ జవాబు తిరిగి రాదు. ల్యాన్ పోర్టుకి మాత్రం ఆ గడిలో ఏమీ పెట్టకండి.

ఇప్పుడు సిస్టమ్, రూటింగ్, గేట్‌వేస్‌కి వెళ్లండి. ఇక్కడ మానిటర్ ఐపీ అని ఒకటి ఉంటాది. ఖాళీగా వదిలేస్తే ఫైర్‌వాల్ ఆ గేట్‌వేనే, అంటే పక్కనే బల్ల మీదున్న కంపెనీ రౌటర్నే పింగ్ చేస్తా (బతికున్నావా అని పలకరిస్తా) ఉంటాది. ఊరవతల ఫైబర్ తెగిపోయినా బల్ల మీద రౌటర్ బతికే ఉంటాది కదా, దాంతో గేట్‌వే పచ్చగానే కనబడతాది, ఆఫీసులో ఎవరికీ నెట్ ఉండదు, మార్పిడి జరగదు. మాకు ఇదే జరిగింది, గంటన్నర పాటు అందరూ పచ్చ రంగు చూసుకుని కూర్చున్నారు. అందుకని ఇంటర్నెట్‌లో దూరంగా ఉన్న అడ్రస్ ఇవ్వండి, రెండు లైన్లకీ వేరే వేరేవి. నేను ఫైబర్‌కి 8.8.4.4, 5జీకి 1.0.0.1 పెడతాను. మానిటర్ ఐపీకి ఫైర్‌వాల్ ఆ లైను మీదగా స్టాటిక్ రూట్ వేసుకుంటాది, అందుకే రోజూ డీఎన్ఎస్‌కి (సైటు పేరుని ఐపీగా మార్చడానికి) వాడుకునే 8.8.8.8 లాంటివి ఇక్కడ పెట్టను.

అడ్వాన్స్‌డ్‌లో హద్దులు కూడా ఉంటాయి. మొదట్నుంచి ఉండేవి ఆలస్యానికి 200, 500 మిల్లీసెకన్లు, ప్యాకెట్ లాస్‌కి 10, 20 శాతం. మొదటిది దాటితే పసుపు, రెండోది దాటితే ఎరుపు. 5జీ సిగ్నల్ మధ్యాహ్నం ఒకలా రాత్రి ఒకలా ఉంటాది కాబట్టి ఆ లైనుకి లాస్ పై హద్దు కొంచెం పెంచుకున్నా తప్పు లేదు, లేకపోతే అది పడుతూ లేస్తూ ఉంటాది.

గేట్‌వే గ్రూపులు

అదే రూటింగ్ పేజీలో గేట్‌వే గ్రూప్స్ అని ఇంకో ట్యాబ్. రెండు గ్రూపులు చేసుకోండి. ఒకటి ఫైబర్‌_ముందు అనుకుందాం: ఫైబర్ టయర్ 1 (ముందు వరస), 5జీ టయర్ 2 (అది పోతే). రెండోది 5జీ_ముందు: దానికి తిరగేసి, 5జీ టయర్ 1, ఫైబర్ టయర్ 2. పేర్లు స్క్రీన్ మీద ఇంగ్లీషులోనే కొట్టాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. ఇద్దరికీ ఒకే టయర్ ఇస్తే అది లోడ్ బ్యాలెన్స్ అయిపోతాది, అంటే లారీ మళ్లీ గేటు దగ్గర నిలబడుతాది. ట్రిగ్గర్ లెవెల్ (ఎప్పుడు లైను మారాలి అనే గడి) దగ్గర ప్యాకెట్ లాస్ పెడతాను నేను, మెంబర్ డౌన్ పెడితే మరీ బండ, లేటెన్సీ కూడా కలిపితే మా ఊరి సిగ్నల్‌కి రోజంతా ఇటూఅటూ దూకుతాది.

గేట్‌వేస్ ట్యాబ్ కింద డిఫాల్ట్ గేట్‌వే ఐపీవీ4 దగ్గర కూడా ఫైబర్‌_ముందు గ్రూపే పెట్టండి. దీన్ని మర్చిపోతే జరిగేది వింతగా ఉంటాది. ల్యాన్ రూల్స్ ల్యాన్ నుంచి వచ్చే ట్రాఫిక్‌కే, ఫైర్‌వాల్ తనంతట తాను బయటికి పంపే ప్రశ్నలకి కాదు. డీఎన్ఎస్ వెతికేది ఫైర్‌వాలే కాబట్టి ఫైబర్ పోయినప్పుడు కంప్యూటర్ల ట్రాఫిక్ 5జీకి చక్కగా మారినా పేర్లు మాత్రం తెరుచుకోవు, 1.1.1.1 పింగ్ అవుతాది, ఏ సైటూ రాదు.

అలియాస్‌లు

అలియాస్ అంటే కొన్ని అడ్రస్‌లకి కలిపి పెట్టే ఒక పేరు. ఫైర్‌వాల్, అలియాసెస్‌లో మూడు చేసుకుంటే చాలు. బిల్లింగ్ పీసీలు: డీహెచ్‌సీపీలో స్టాటిక్ మ్యాపింగ్ ఇచ్చీసి 192.168.10.11 నుంచి 15 దాకా. లోకల్ నెట్‌వర్క్‌లు: 192.168.10.0/24, 192.168.20.0/24, ఇంకా వీపీఎన్ ఉంటే అవతలి నెట్‌వర్క్. మూడోది కెమెరా నెట్‌వర్క్.

ఇక్కడ ఒక సలహా వినొద్దని నా మాట. చాలామంది బ్యాంకు సైటు పేరు, జీఎస్టీ సైటు పేరు అలియాస్‌లో పెట్టి వాటిని మాత్రం ఫైబర్ మీద పంపమంటారు. వినడానికి బాగుంటాది. కానీ అలియాస్‌లో పేరు పెడితే ఫైర్‌వాల్ దాన్ని కొన్ని నిమిషాలకోసారి ఐపీగా మార్చుకుంటాది, పెద్ద సైట్లు మాత్రం ఒకే పేరుకి వేరే వేరే ఐపీలు ఇస్తా ఉంటాయి, పైగా ఒక పేజీ తెరిస్తే వెనకాల పది పేర్లు లాగుతాది. కంప్యూటర్‌కి వచ్చిన ఐపీ ఒకటి, ఫైర్‌వాల్ దగ్గరున్నది ఇంకోటి. సగం ఇటు, సగం అటు. ఏ సైటుకి అని కాకుండా ఏ కంప్యూటర్ నుంచి అని విడగొట్టండి, నిమ్మళంగా నిద్రపోతారు.

రూల్స్, వాటి వరస

ఫైర్‌వాల్, రూల్స్, ల్యాన్ ట్యాబ్. పైనుంచి కిందకి చదువుతాది, మొదట తగిలిన రూల్ దగ్గర ఆగిపోతాది, కింద ఏముందో చూడదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం పని అయిపోయినట్టే.

మొదటి రూల్: సోర్స్ ల్యాన్ నెట్, డెస్టినేషన్ లోకల్ నెట్‌వర్క్‌ల అలియాస్, గేట్‌వే డిఫాల్ట్. అంటే గడి ముట్టుకోకండి. ఇది లోపలి ట్రాఫిక్ లోపలే తిరగడానికి. గేట్‌వే పెట్టిన రూల్ రూటింగ్ టేబుల్‌ని పట్టించుకోదు, ప్యాకెట్‌ని పట్టుకుని నేరుగా ఆ లైన్లోకి తోసీస్తాది, పక్క గదిలో ఉన్న డీవీఆర్‌కి పోవాల్సింది కూడా. పీఎఫ్‌సెన్స్ కొన్ని లోకల్ నెట్‌వర్క్‌లకి ఇలాంటి మినహాయింపు తనంతట తాను వేసుకుంటాది, అయినా నేను చేత్తో పెడతాను, కంటికి కనబడతాది కాబట్టి. వేరే కంపెనీ పెట్టె మీద మొదటిసారి చేసినప్పుడు ఇది పెట్టలేదు, షావుకారు గారు తన గదిలోంచి గోడౌన్ కెమెరా చూడలేకపోయారు, నేను రెండు కేబుళ్లు మార్చీసి ఒక స్విచ్ కూడా మార్చేక తెలిసింది.

రెండో రూల్: సోర్స్ బిల్లింగ్ పీసీలు, డెస్టినేషన్ ఎనీ, ప్రోటోకాల్ ఎనీ, అడ్వాన్స్‌డ్‌లో గేట్‌వే ఫైబర్‌_ముందు. ప్రోటోకాల్ దగ్గర కొంచెం కళ్లు తెరవండి. కొత్త రూల్ తెరిస్తే అక్కడ టీసీపీ అని ఉంటాది, అలగే సేవ్ చేస్తే పింగ్, యూడీపీ (టీసీపీ కాని ఇంకో రకం ట్రాఫిక్) ఈ రూల్‌కి తగలవు, కిందున్న రూల్‌కి జారి వేరే లైన్లో పోతాయి. ఈ రోజుల్లో బ్రౌజర్ కూడా చాలా సైట్లకి యూడీపీ 443 మీదే మాట్లాడతాది, దాంతో ఒకే కంప్యూటర్ మళ్లీ రెండు ఐపీలతో బయటికి పోతాది, మొదటికే వచ్చినట్టు.

మూడోది: సోర్స్ ల్యాన్ నెట్, డెస్టినేషన్ ఎనీ, గేట్‌వే 5జీ_ముందు. మొదట్నుంచి ఉండే అలవ్ ల్యాన్ టు ఎనీ రూల్‌నే ఇలగ మార్చుకోవచ్చు. ఫోన్లన్నీ ఇందులో పడతాయి, వాటి ఐపీలు గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు.

ఐపీవీ6 (కొత్త రకం ఐపీ అడ్రస్‌లు) రూల్ ఒకటి కింద ఉంటాది. మీ ఫైబర్‌లో ఐపీవీ6 వస్తుంటే అది ఈ పాలసీలన్నింటినీ పక్కనుంచి దాటుకుని పోతాది. దానికీ గేట్‌వే ఐపీవీ6ది పెట్టాలి, లేదా దాన్ని ల్యాన్‌లో ఆపీయాలి. మేము ఆపీసాం.

కెమెరాల దగ్గర ఉన్న గొయ్యి

కెమెరా వీల్యాన్ ట్యాబ్‌లో ఒకటే రూల్: సోర్స్ కెమెరా నెట్‌వర్క్, డెస్టినేషన్ ఎనీ, గేట్‌వే నేరుగా వ్యాన్‌2, గ్రూప్ కాదు. చూడ్డానికి అయిపోయినట్టే ఉంటాది. నేను కూడా అయిపోయింది అనుకున్నాను.

ఒక రాత్రి 5జీ టవర్ పోయింది. పొద్దున్న చూస్తే కెమెరాలన్నీ ఫైబర్ మీద దర్జాగా అప్‌లోడ్ చేసుకుంటున్నాయి. ఎందుకూ అంటే, గేట్‌వే పడిపోయినప్పుడు పీఎఫ్‌సెన్స్ ఆ రూల్‌ని తీసీయదు, గేట్‌వే లేకుండా ఉంచుతాది, దాంతో ట్రాఫిక్ డిఫాల్ట్ గేట్‌వే మీదకి పోతాది. మనం "5జీ మాత్రమే" అని రాసినది "5జీ ఉంటే 5జీ, లేకపోతే ఏదైనా" అయిపోతాది. దీనికి సిస్టమ్, అడ్వాన్స్‌డ్, మిస్సలేనియస్‌లో గేట్‌వే డౌన్ అయినప్పుడు రూల్స్ చెయ్యొద్దు అనే టిక్ ఉంటాది, అది పెట్టండి. అప్పుడు రూల్ మాయమవుతాది, ట్యాబ్‌లో వేరే అనుమతి రూల్ ఏదీ లేదు కాబట్టి ట్రాఫిక్ ఆగిపోతాది. కింద ఇంకో అనుమతి రూల్ ఉందంటే మాత్రం అందులోకి జారిపోతాది, అందుకని నేను కింద ఒక బ్లాక్ రూల్ కూడా పెట్టి లాగ్ ఆన్ చేస్తాను. ఈ టిక్ మొత్తం ఫైర్‌వాల్‌కి వర్తిస్తాది, మిగతా రూల్స్ ఓసారి ఆ కళ్లతో చూసుకోండి.

నాట్ గురించి పెద్దగా చెప్పేది లేదు. అవుట్‌బౌండ్ ఆటోమేటిక్‌లో ఉంటే వ్యాన్‌2కి దానంతటదే వస్తాది. ముందెవరో మాన్యువల్‌కి మార్చి ఉంటే వ్యాన్‌2కి కూడా ఆ వరసలు చేత్తో వెయ్యాలి.

పరీక్ష

రూల్ మార్చి అప్లై కొట్టగానే ఏమీ మారలేదు అని మళ్లీ మార్చకండి. అప్పటికే నడుస్తున్న కనెక్షన్లు స్టేట్ టేబుల్లో పాత దారిలోనే ఉంటాయి, అవి తెగేదాకా కొత్త రూల్‌కి రావు. డయాగ్నస్టిక్స్, స్టేట్స్‌లో ఆ కంప్యూటర్ ఐపీ కొట్టి వెతికి వాటిని చంపీయండి, లేకపోతే రీసెట్ స్టేట్స్. రీసెట్ కొడితే ఆఫీసులో అందరిదీ ఒక్కసారి తెగుతాది, ఎవరైనా బ్యాంకు పేమెంట్ మధ్యలో ఉన్నారేమో కేకేసి అడిగి కొట్టండి.

తరవాత బిల్లింగ్ పీసీలో బ్రౌజర్ తెరిచి నా ఐపీ ఏటి అని చూపించే సైటు ఏదో ఒకటి చూడండి, ఫైబర్ స్టాటిక్ ఐపీ కనబడాలి. ఒక ఫోనులో వైఫై మీద అదే చూస్తే వేరేది కనబడాలి. విండోస్‌లో ట్రేస్‌రూట్ కొడితే మొదటి రెండు మూడు వరసల్లోనే 192.168.1.1 వచ్చిందా 192.168.2.1 వచ్చిందా తెలిసిపోతాది. రూల్స్ పేజీలో ప్రతి రూల్ పక్కన స్టేట్స్ లెక్క ఉంటాది, ట్రాఫిక్ నడుస్తున్నా అక్కడ సున్నాలే ఉన్నాయంటే పైనున్న రూల్ ఏదో ముందే మింగేస్తోంది.

ఇక లైను తీసి చూడాలి. ఫైర్‌వాల్ నుంచి కేబుల్ పీకితే అది సులువు పరీక్ష, ఎలాగూ పాసవుతాది. అసలు పరీక్ష కంపెనీ రౌటర్ వెనకున్న ఫైబర్ వైరు మెల్లగా తియ్యడం, రౌటర్ ఆన్‌లోనే ఉండాలి. మానిటర్ ఐపీ సరిగ్గా ఉంటే కొద్దిసేపట్లో గేట్‌వే ఎర్రగా మారి బిల్లింగ్ పీసీ 5జీ మీదకి రావాలి. గుమస్తా అప్పటికే లాగిన్ అయి ఉంటే మళ్లీ లాగిన్ అవ్వాల్సిందే, ఐపీ మారింది కదా, దానికి మందు లేదు, ముందే చెప్పి ఉంచండి. ఫైబర్ తిరిగొచ్చేక పాత కనెక్షన్లు 5జీ మీదే కొంతసేపు ఉంటాయి, అది తప్పు కాదు. తరవాత 5జీ రౌటర్లో సిమ్ తీసి కెమెరాలు ఆగాయా లేదా చూడండి.

వేరే పెట్టెలున్నోళ్లకి

ఓపీఎన్‌సెన్స్‌లో పద్ధతి ఇంచుమించు ఇదే, రూల్లోనే గేట్‌వే. ఫోర్టీగేట్‌లో మాత్రం నెట్‌వర్క్ కింద పాలసీ రూట్స్ అని వేరే పేజీ, రూటింగ్ టేబుల్ కంటే ముందు దాన్నే చూస్తాది. అక్కడ అందరూ పడే గొయ్యి ఒకటే: రెండో లైనుకి డిఫాల్ట్ రూట్ రూటింగ్ టేబుల్లో బతికి ఉండాలి. డిస్టెన్స్ ఎక్కువ పెట్టి దాన్ని బ్యాకప్‌గా దాచీస్తే పాలసీ రూట్ పనిచెయ్యదు. రెండింటికీ డిస్టెన్స్ సమానం పెట్టి ప్రయారిటీ తేడా పెట్టండి. లోపలి నెట్‌వర్క్‌లకి మినహాయింపు కావాలంటే పైన ఇంకో పాలసీ రూట్ పెట్టి యాక్షన్ దగ్గర స్టాప్ పాలసీ రూటింగ్ ఎంచుకోండి.

లినక్స్ మీద చేతితో చేసేవాళ్లకి వేరే రూటింగ్ టేబుల్, దానికి ఐపీ రూల్, ఫైర్‌వాల్లో మార్కు, ఇదే దారి. అన్నీ సరిగ్గా ఉన్నా ప్యాకెట్లు నిశ్శబ్దంగా పోతున్నాయంటే ముందు ఆర్పీ ఫిల్టర్ చూడండి, అది 1లో ఉంటే వచ్చిన దారి నచ్చక పారేస్తాది, 2 చేసి చూడండి.

అంతా అయ్యేక కాన్ఫిగ్ బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మెయిల్లో ఒకటి పెట్టాను. మొదట రాసుకున్న ఆ కాగితాన్ని గుమస్తా లామినేషన్ చేయించి ఫైర్‌వాల్ పక్కన గోడకి అంటించీసాడు. మొన్న ఫైబర్ మళ్లీ తెగితే నాకు ఫోనే రాలేదు, సాయంత్రం షావుకారు గారే చేసి "బాబూ, రెండు లారీలు వెళ్లిపోయాయి గానీ నా ఫోన్లో గోడౌన్ కెమెరా కొంచెం నెమ్మదిగా వస్తోందేటి" అన్నారు.